మెట్ల కుర్చీకి డబ్బెక్కడిది?



ఈరోజు మెట్ల గురించి, మోకాళ్ల గురించి, ఆ రెంటి మధ్యా వచ్చి కూర్చునే డబ్బు గురించి మాట్లాడుకుందాం.

మెట్ల పక్కన ఒక పట్టా బిగించి, దాని మీద కుర్చీని నడిపించే యంత్రం ఉంది. స్టెయిర్‌లిఫ్ట్ అంటున్నారు. కూర్చుని బెల్టు పెట్టుకుని, చేతి దగ్గరున్న మీట నొక్కి పట్టుకుంటే కుర్చీ మెల్లగా పైకి పోతుంది. వేలు తీస్తే ఆగుతుంది. కాళ్లు పెట్టుకునే పలకకు మనవడి బొమ్మో, ఎవరిదో చెప్పో తగిలినా తనంతట తానే నిలబడిపోతుంది. చాలావరకు బ్యాటరీ మీద నడిచేవే కాబట్టి కరెంటు పోయినా మనిషి మధ్యలో వేలాడాల్సిన పని లేదు. పైకి చేరాక కుర్చీ వరండా వైపు తిరుగుతుంది, దిగేటప్పుడు వీపు మెట్ల వైపు ఉంటుంది. అంతవరకు అంతా బాగానే ఉంది. ధర అడిగాకే ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

తిన్నగా పోయే మెట్లకైతే మన దగ్గర సుమారు రెండున్నర, మూడు లక్షల నుంచి మొదలు. మధ్యలో మలుపు ఉంటే ఆ మలుపు కొలతకు తగ్గట్టు పట్టాను ప్రత్యేకంగా వంచి తయారు చేయాలి, కాబట్టి ధర రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పైగా తిన్నని పట్టా అయితే రేపు అవసరం తీరాక విప్పి ఎవరికైనా అమ్ముకోవచ్చు. వంచిన పట్టా మీ ఇంటి మెట్లకు తప్ప ఇంకెక్కడా పనికిరాదు. ఈ తేడా కొనే ముందు చెప్పేవాళ్లు తక్కువ.

మరి దీనికి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా? ఉన్నమాట ముందే చెప్పేస్తాను. మన దేశంలో స్టెయిర్‌లిఫ్ట్ పేరుతో సబ్సిడీ పథకం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ లేదు, తెలంగాణలోనూ లేదు. ఆరోగ్యశ్రీ దీనికి వర్తించదు. ఆరోగ్య బీమా కంపెనీలు కూడా ఆస్పత్రి బయట, ఇంట్లో వాడుకునే ఇలాంటి పరికరాలకు మామూలుగా డబ్బివ్వవు. ఎంపీ నిధులు ఒకరి సొంతింట్లో మెట్లకు ఖర్చు పెట్టడానికి వీల్లేదు. అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. డబ్బు ఒక్కచోట దొరకదు, ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది: కొంత పన్నులో, కొంత తక్కువ వడ్డీలో, కొంత మనదే అయిన పీఎఫ్‌లో. ఆ ముక్కలు ఎక్కడెక్కడున్నాయో చెప్పడానికే ఈ ప్రసంగం.

దానికి ముందు ఒక మాట. అసలు మీకు ఆ కుర్చీ కావాలా?

మన ఊళ్లలో ఇంటివాళ్లు పై వాటాలో ఉంటారు, కింది వాటా అద్దెకిస్తారు. గాలి, వెలుతురు, డాబా మీద వడియాలు, అన్నీ పైనే. నలభై ఏళ్ల వయసులో కట్టుకున్న ఇల్లది, డెబ్బై అయిదేళ్ల మోకాళ్లను లెక్కలో వేసుకుని కట్టింది కాదు. నేనెరిగిన ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగా లేవదు. నెలకోసారి బ్యాంకుకు వెళ్లాలంటే మెట్ల మీద కూర్చునే దిగేవారు. అడుగున తువ్వాలు మడత పెట్టుకుని, కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ జరుగుతూ. మొత్తం పద్దెనిమిది మెట్లు. మధ్య చదును మీద తులసికోట పక్కన ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకునేవారు. కింది వాటా వాళ్లు ఆయన్ను చూడనట్టు తలుపు దగ్గరగా వేసుకునేవారు, ఆయన సిగ్గుపడతారని. ఆయన పిల్లలు స్టెయిర్‌లిఫ్ట్ కోసం లక్షల లెక్కలు వేస్తున్నప్పుడు, కింది వాటా ఖాళీ చేయించి మమ్మల్ని అక్కడికి దింపొచ్చు కదా అని మాస్టారి భార్యే అన్నది. అద్దె కాస్త తగ్గినా పై వాటాకు కూడా వచ్చేవాళ్లుంటారు. కింద బాత్‌రూంలో కమోడ్ పెట్టించి, గోడకు పట్టుకునే కడ్డీలు బిగించడానికి అయ్యే ఖర్చు, స్టెయిర్‌లిఫ్ట్ ఖర్చులో చిన్న వంతు. ఆ ఇంట్లో చివరికి అదే జరిగింది.

కాబట్టి వాటా మార్చుకునే వీలుంటే ముందు అదే చూడండి. మెట్లకు రెండో వైపు కూడా రెయిలింగ్ వేయించడం, మెట్టు అంచున జారని పట్టీ అంటించడం వేలల్లో తేలిపోయే పనులు. బయటి మెట్లకు మామూలు స్టెయిర్‌లిఫ్ట్ పనికిరాదు, ఎండకూ వానకూ తట్టుకునే రకం వేరే ఉంటుంది, దాని ధరా వేరే. ఇవన్నీ చూశాక కూడా కుర్చీ తప్పదనుకున్నవాళ్ల కోసమే ఇక మిగతా మాటలు. డ్యూప్లెక్స్ ఇంట్లో పడకగది పైన ఉన్నవాళ్లు, కింద దుకాణం నడుపుతూ పైన కాపురముండేవాళ్లు, కింద ఒకే చిన్న గది ఉన్నవాళ్లు ఇందులో వస్తారు.

ప్రభుత్వం ఏమీ ఇవ్వదని కాదు. కేంద్రం వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలుపెట్టింది. ఆదాయం తక్కువున్న అరవై దాటినవారికి చేతికర్రలు, వాకర్లు, నాలుగు కాళ్ల కర్రలు, వీల్‌చెయిర్లు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు ఉచితంగా ఇస్తారు. ఊళ్లో శిబిరం పెట్టి ముందు పరీక్ష చేస్తారు, తర్వాత ఇంకో రోజు పంచుతారు. దివ్యాంగులకైతే 1981 నుంచి అడిప్ అనే పథకం ఉంది. కాన్పూరులోని అలింకో సంస్థ తయారుచేసే మూడు చక్రాల బండ్లు, క్యాలిపర్లు, కృత్రిమ అవయవాలు వచ్చేది దీని కిందే. ఈ రెంటిలోనూ నడక కోసం ఇచ్చే సరుకంతా సమతల నేల మీద తిరగడానికి. ఎత్తు ఎక్కడానికి పనికొచ్చేది ఇందులో లేదు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ 1996 నాటి గృహ గ్రాంట్ల చట్టం కింద ఇంటి మార్పులకు గ్రాంటు ఉంది, గరిష్ఠంగా 30,000 పౌండ్ల దాకా. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంటికొచ్చి, మనిషి మంచం మీంచి లేవడం దగ్గర్నుంచి మెట్టెక్కడం దాకా చూసి, ఈయనకు ఇది అవసరం అని రాస్తారు. పెద్దవాళ్లకైతే ఆదాయం చూస్తారు. పూర్తి దరఖాస్తు అందాక ఆరు నెలల్లో స్థానిక కౌన్సిల్ ఔననో కాదనో చెప్పి తీరాలి. స్టెయిర్‌లిఫ్టులకు ఈ గ్రాంటు ఇవ్వడం అక్కడ మామూలు విషయం. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఎవరైనా వింటుంటే మీ కౌన్సిల్‌ను అడగండి. అమెరికాలో మాత్రం మెడికేర్ స్టెయిర్‌లిఫ్టుకు డబ్బు కట్టదు, అది వైద్య పరికరం కాదని వాళ్ల వాదన. మన దేశంలో నిపుణులు ఇంటికొచ్చి చూసి రాసే ఏర్పాటే లేదు. నాకు బాధ కలిగించేది డబ్బు లేకపోవడం కంటే అదే.

ఇక ముక్కల దగ్గరికి వద్దాం. మొదటిది కాగితం. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దానితోపాటు దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, లెక్కలోకి రావాలంటే 40 శాతం ఉండాలి. నేను చెప్పబోయే సాయాల్లో సగం ఈ కాగితం లేనిదే కదలవు. అయితే వయసు మీద పడటం వైకల్యం కాదు. మోకాళ్ల నొప్పులు అంటే డాక్టర్లు 40 ఇవ్వకపోవచ్చు. పక్షవాతం, తుంటి విరిగి సరిగా అతకకపోవడం, పార్కిన్సన్స్, కాలు తీసేయడం, వెన్నుపాము దెబ్బ లాంటివి ఉంటే తప్పకుండా వెళ్లండి. మీసేవలోనో, సచివాలయంలోనో, స్వావలంబన్ పోర్టల్‌లోనో దరఖాస్తు చేసుకోవాలి. వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, డిశ్చార్జి సమరీలు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకెళ్లండి. మా నాన్న అస్సలు నడవలేడండీ అని నోటితో చెబితే శాతం పడదు. ఈ సర్టిఫికెట్ ఉంటే పెన్షన్ కూడా వస్తుంది, అర్హత ఉంటే. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 4,016. లిఫ్టు కంతుకు ఇది చిన్న ఆసరా కాదు.

రెండో ముక్క చాలామంది ఎరగనిది, జీఎస్టీ. ఇళ్లలో పెట్టే మామూలు లిఫ్టు మీద 18 శాతం పన్ను. కానీ 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు దివ్యాంగుల సహాయక పరికరాలంటూ ఒక జాబితా ఇచ్చి వాటికి 5 శాతం అన్నారు. ఆ జాబితాలో పుండ్లు పడకుండా వేసే జెల్లీ దిండ్లు, మూత్రం సంచుల మధ్యలో స్టెయిర్‌లిఫ్ట్ అన్న మాట కూడా ఉంది. ఎవరు ఇరికించారో గాని, వాళ్లకు దండం పెట్టాలి. మూడు లక్షల సరుకుకు 18 శాతమైతే 54,000, 5 శాతమైతే 15,000. తేడా 39,000 రూపాయలు. కాబట్టి కొటేషన్ చేతికి రాగానే పన్ను శాతం ఎంత వేశారో చూడండి. 18 వేసి ఉంటే, దివ్యాంగుల జాబితా ప్రకారం కదా వెయ్యాలి అని అడగండి. సదరం నకలు జతచేస్తామనండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

మూడోది ఆదాయపు పన్ను. తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో, తోబుట్టువులో దివ్యాంగులై మీ మీద ఆధారపడి ఉంటే, 80డీడీ కింద ఏటా 75,000 మినహాయింపు. వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000. వైద్యానికో పునరావాసానికో వాళ్ల మీద ఖర్చు పెడుతున్నారా లేదా అనేదే ప్రశ్న, ఎంత పెట్టారన్నది కాదు. పూర్తి మినహాయింపు దొరుకుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న కొడుక్కో కూతురికో 1,25,000 మీద సెస్సుతో కలిపి 39,000 మిగులుతుంది. 75,000 మీదైతే 23,400. ఇది ఒక్కసారికి కాదు, ఏటేటా. అయిదేళ్లు లెక్క వేస్తే స్టెయిర్‌లిఫ్టు ఖర్చులో మంచి వాటా. తండ్రికి సొంత పెన్షన్ గట్టిగా ఉండి ఆధారపడ్డవాడు కాదంటే, ఆయనే తన రిటర్నులో 80యూ కింద అదే మొత్తం చూపించుకోవచ్చు. ఇద్దరూ చూపడానికి మాత్రం లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ మినహాయింపులు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు దొరకవు, ఇప్పుడు చాలామంది అడగకుండానే కొత్తదాంట్లో పడిపోతున్నారు. మీ జీతానికి అసలు పన్నే పడకపోతే దీంతో పనే లేదు. పడేవాళ్లు మాత్రం రెండు విధానాల్లోనూ లెక్క వేయించుకోండి. 2025లో ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. మీ ఆడిటరుకు 80డీడీ అని చెప్పినా అర్థమవుతుంది.

ఇక అప్పులు. దివ్యాంగులకు తక్కువ వడ్డీకి రుణాలిచ్చే జాతీయ ఆర్థిక సంస్థ ఒకటి కేంద్రంలో 1997 నుంచి ఉంది. నేరుగా ఢిల్లీ వెళ్లక్కర్లేదు. ఆంధ్రలో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సహాయ సంస్థ, తెలంగాణలో వికలాంగుల సహకార సంస్థ, కొన్ని బ్యాంకుల ద్వారా ఇస్తారు. పద్దెనిమిదేళ్లు నిండి, 40 శాతం వైకల్యం ఉన్నవారు అర్హులు. ముఖ్యంగా బతుకుదెరువు కోసం ఇచ్చే రుణమిది, సహాయక పరికరాలకూ చోటుంది. కింద టైలరింగ్ దుకాణం, పైన ఇల్లు ఉన్న మనిషి దరఖాస్తులో ఆ సంగతి స్పష్టంగా రాయాలి: నేను దిగలేకపోతే దుకాణం తెరుచుకోదు అని. అలా రాసిన దరఖాస్తుకూ, ఉత్త లిఫ్టు కావాలి అన్న దరఖాస్తుకూ చూసే అధికారి కంట్లో తేడా ఉంటుంది.

ఉద్యోగంలో ఉన్న దివ్యాంగులకు పీఎఫ్‌లో ఒక దారి ఉంది. 1952 పీఎఫ్ పథకంలో 68ఎన్ అనే పేరా, దివ్యాంగుడైన చందాదారు తన కష్టం తగ్గించే పరికరం కొనుక్కోవడానికి అడ్వాన్సు తీసుకోవచ్చంటుంది. ఆరు నెలల మూల వేతనం, కరువు భత్యం, లేదా చందాదారు వాటా, లేదా పరికరం ధర, వీటిలో ఏది తక్కువైతే అది. 2025 అక్టోబరులో పీఎఫ్ ధర్మకర్తల మండలి ఇలాంటి పదమూడు రకాల నిబంధనలను మూడు రకాలుగా కుదించాలని తీర్మానించింది, కాబట్టి ఇప్పుడు ఏ పేరుతో పెట్టాలో మీ ఆఫీసులో కనుక్కోండి. మీ డబ్బే మీరు తీసుకుంటున్నారు, వడ్డీ లేదు, తిరిగి కట్టక్కర్లేదు.

డబ్బు లేదు, పిల్లలు చూడరు, ఇల్లు మాత్రం సొంతం అనే వృద్ధ దంపతులకు 2007లో వచ్చిన రివర్స్ మార్టిగేజ్ ఉంది. అరవై దాటినవారు తామున్న ఇంటిని తనఖా పెడితే బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. బతికున్నంతకాలం ఇంట్లోనే ఉండొచ్చు, కంతులు కట్టక్కర్లేదు. ఇద్దరూ పోయాక వారసులు అప్పు తీర్చి ఇల్లు తీసుకోవచ్చు, లేదంటే బ్యాంకు అమ్మి తన బాకీ పోను మిగతాది వారసులకిస్తుంది. ఆ డబ్బు ఇంటి మరమ్మతులకు, మార్పులకు వాడుకోవచ్చని నేషనల్ హౌసింగ్ బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. మరి మన దగ్గర ఇది ఎందుకు నడవలేదంటే, ఇల్లు తాతగారి పేరు మీదే ఉండిపోవడం ఒకటి, గ్రామకంఠం స్థలానికి పత్రాలు లేకపోవడం ఒకటి. అన్నింటికీ మించి, బ్యాంకు మేనేజరు ముందు సంతకం పెట్టకముందే బెంగుళూరు నుంచి పెద్దబ్బాయి ఫోను వచ్చేస్తుంది. ఇల్లు కట్టినవాళ్లు ఆ ఇంట్లోనే మెట్లెక్కడానికి ఆ ఇంటి విలువ వాడుకుంటే తప్పేమిటో నాకు అర్థం కాదు.

రోడ్డు ప్రమాదంలో నడక పోగొట్టుకున్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసిన కేసులో ఆస్పత్రి బిల్లులతో ఆగొద్దు. ఇకముందు కావాల్సిన పరికరాలు, ఇంట్లో చేయించాల్సిన మార్పులు కూడా కొటేషన్లతో, డాక్టరు రాతతో అడగమని మీ వకీలుకు చెప్పండి. తీర్పయ్యాక అడగడం కష్టం.

లయన్స్, రోటరీ లాంటి క్లబ్బుల తలుపులూ తట్టొచ్చు. మొత్తం ఖర్చు అడిగితే ఎవరూ ముందుకు రారు, ఇంత మేం పోగుచేశాం, ఇంత తగ్గింది అంటే వింటారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడా ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. లిఫ్టు రాకపోయినా ఇలాంటి అవసరం ఒకటుందని ఫైల్లోకి ఎక్కుతుంది. ఫైల్లో లేనిదానికి పథకం పుట్టదు.

చివరికి మన ఇళ్లలో అసలు డబ్బు వచ్చేది బంగారం మీద అప్పు, ఎత్తిన చీటీ, అన్నదమ్ముల వాటాల నుంచే. అక్కడే గొడవ. తండ్రి చిన్నకొడుకు ఇంట్లో ఉంటే, ఇల్లు వాడిది, లిఫ్టు వాడింటికి, మేమెందుకివ్వాలి అంటాడు పెద్దవాడు. స్టెయిర్‌లిఫ్టు వల్ల ఇంటి విలువ పైసా పెరగదు, అది తండ్రి నడక కోసం పెట్టే ఖర్చు, మందుల ఖర్చులాగే. ముందే కూర్చుని ఎవరి వంతెంత, రేపు అమ్మితే వచ్చిన డబ్బు ఎవరికి, ఏటా సర్వీసు, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీలు ఎవరు చూస్తారు అన్నది ఒక కాగితం మీద రాసుకుంటే సగం తగువులుండవు. బొత్తిగా ఏ బిడ్డా పట్టించుకోకపోతే 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకుంటే నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కుంది. వైద్యం ఖర్చు కూడా పోషణలో భాగమని ఆ చట్టమే చెబుతోంది. అడగడానికి మనసొప్పని తల్లిదండ్రులే ఎక్కువ, అది వేరే సంగతి.

ఒక హెచ్చరిక. స్టెయిర్‌లిఫ్టుకు కేంద్ర సబ్సిడీ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి అని ఫోనొస్తే పెట్టేయండి. అలాంటి సబ్సిడీ లేదని మొదట్లోనే చెప్పాను. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలియక, అడగడానికి మనిషి లేక ఇంట్లో పైనే ఉండిపోయిన పెద్దవాళ్లు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ అనే ఉచిత నంబరు ఉంది. 14567. మన భాషలోనే మాట్లాడతారు, పెన్షన్లు, చట్టం, సర్టిఫికెట్ల సంగతి వాళ్లు చెబుతారు. పెన్ను దగ్గరుంటే రాసుకోండి: ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. లిఫ్టు కంపెనీకి ఫోన్ చేసే ముందు ఈ నంబరుకు చేయండి, సదరం స్లాటు కూడా ఈ వారమే పెట్టించండి. కొటేషన్లు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు.